కడుపు బ్యాక్టీరియాకు నోరు నెలవా, దారా?

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో కడుపులో మంట, పుల్లటి తేన్పులు, నాలుగు ముద్దలు తినగానే పొట్ట ఉబ్బరం వంటి బాధలున్నవారు మొదట చేసే పని, దగ్గరలోని మందుల షాపులో గ్యాస్ గోళీలు తెచ్చుకుని పరగడుపున వేసుకోవడం. నెలలు గడిచినా తగ్గనివారిలో కొందరు జిల్లా కేంద్రానికో హైదరాబాద్‌కో వెళ్లి, గొంతు గుండా సన్నని కెమెరా గొట్టం దింపి కడుపు లోపలిని చూసే ఎండోస్కోపీ చేయించుకుంటారు. అక్కడ చాలామంది మొదటిసారి వినే పేరు హెలికోబ్యాక్టర్ పైలోరీ. రెండు వారాలు మందులు వాడితే పోతుందని చెబుతారు, చాలామందిలో పోతుంది కూడా. అయితే పోయిందనుకున్న బ్యాక్టీరియా ఏడాది తిరగకముందే మళ్లీ పరీక్షలో కనిపించినప్పుడు, అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న రోగికీ వైద్యునికీ కలిపి ఎదురవుతుంది. మూడున్నర దశాబ్దాలుగా పరిశోధకులు ఈ ప్రశ్నకు వెతుకుతున్న జవాబుల్లో నోరు ఒకటి. పండ్ల మీద పేరుకునే పాచిలో, చిగుళ్ల సందుల్లో, నాలుక మీద ఈ బ్యాక్టీరియా తలదాచుకుని, కడుపు శుభ్రపడిన తరువాత లాలాజలంతో తిరిగి కిందికి దిగుతుందా అన్నది వారి సందేహం.

ఈ ఊహ వినడానికి ఎంత సహజంగా ఉన్నా, దాన్ని రుజువు చేయడం అంత తేలికగా సాధ్యం కాలేదు. నోటిలో ఈ బ్యాక్టీరియా ఆనవాలు దొరికిందని చెప్పిన అధ్యయనాలు అనేకం ఉన్నాయి. ఆనవాలు దొరకడం వేరు, అది అక్కడ బతికి ఉండటం వేరు, అక్కడి నుంచి కడుపును మళ్లీ ఆక్రమించడం మరింత వేరు. ఈ మూడింటినీ కలిపి మాట్లాడటం వల్లనే ఈ విషయంలో సగం గందరగోళం పుట్టింది.

కడుపులోని ఆమ్లంలో ఏ బ్యాక్టీరియా నిలవలేదని వైద్యశాస్త్రం చాలాకాలం నమ్మింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు 1982లో పొట్టపూత ఉన్న రోగుల కడుపు పొర నుంచి ఒక వంకర బ్యాక్టీరియాను వేరుచేసి, ప్రయోగశాలలో పెంచగలిగారు. దాని వల్లనే కడుపు వాపు వస్తుందని సహ వైద్యులు నమ్మకపోవడంతో, 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి, కొద్ది రోజుల్లోనే జబ్బుపడి, తన కడుపు పొరలో వాపును చూపించారు. మొదట క్యాంపైలోబ్యాక్టర్ జాతిలో చేర్చిన ఈ జీవికి 1989లో ఇప్పటి పేరు స్థిరపడింది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. వారెన్, మార్షల్‌లకు 2005లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది.

పైలోరీ ఆమ్లంలో బతకడానికి వాడే ఆయుధం యూరియేజ్ అనే ఎంజైమ్. కడుపులో సహజంగా ఉండే యూరియాను అది అమోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. ఆ అమోనియా బ్యాక్టీరియా చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తే, అది తన తోకలతో ఈదుకుంటూ కడుపు గోడ మీది జిగురు పొరలోకి చేరి స్థిరపడుతుంది. దానికి మామూలు గాలిలో ఉన్నంత ఆక్సిజన్ పనికిరాదు, బాగా తక్కువ మోతాదు కావాలి. ప్రయోగశాలలో పెంచాలన్నా గాలి కూర్పును ప్రత్యేకంగా అమర్చి, మూడు నుంచి ఏడు రోజులు వేచి చూడాలి. ఒకసారి కడుపులో పాతుకుంటే, మందులు వాడనంతకాలం సాధారణంగా జీవితమంతా ఉంటుంది. 2017లో వెలువడిన ఒక ప్రపంచవ్యాప్త సమీక్ష, 2015 నాటికి సుమారు 440 కోట్ల మందిలో ఈ బ్యాక్టీరియా ఉందని, భారతదేశంలో అది 60 శాతానికి పైగా జనంలో ఉందని అంచనా వేసింది. వీరిలో చాలామందికి ఎన్నడూ ఏ బాధా ఉండదు. పుండు పడేది పదిమందిలో ఒకరిద్దరికి, క్యాన్సర్ దాకా వెళ్లేది నూటికి ఒకరి నుంచి ముగ్గురికి. మన దేశంలో ఇది ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంటి మనుషుల నుంచే సంక్రమిస్తుంది.

ఈ బ్యాక్టీరియా ఒక కడుపు నుంచి ఇంకొక కడుపుకు చేరాలంటే ఎలా బయటపడినా, చివరికి ఎవరో ఒకరి నోటిగుండానే లోపలికి పోవాలి. మలంతో కలుషితమైన నీరు, ఆహారం ఒక మార్గం కావచ్చు. వాంతి ద్వారా కావచ్చు. ఒకరి లాలాజలం మరొకరి నోటికి చేరడం వల్ల కావచ్చు. మూడు మార్గాలూ నోటి దగ్గర కలుస్తాయి కాబట్టి, నోటిని అనుమానించడంలో ఆశ్చర్యమేమీ లేదు.

1989లో కెనడాలోని టొరంటో పరిశోధకులు పండ్ల పాచి నుంచి పైలోరీని సజీవంగా పెంచగలిగినట్టు ప్రకటించారు. కడుపులో ఈ బ్యాక్టీరియా ఉన్న 29 మందిలో ఒక్కరి పాచిలో మాత్రమే అది దొరికింది. ఆ ఒక్కరిలో నోటిదీ కడుపుదీ ఒకే రకమని జన్యు పోలికలో తేలింది. రెండేళ్ల తరువాత, 1991లో, ముంబైకి చెందిన వైద్యబృందం దీనికి పూర్తిగా భిన్నమైన ఫలితాన్ని ప్రచురించింది. అజీర్తితో బాధపడుతున్న రోగుల పాచిని యూరియేజ్ పరీక్షకు, సూక్ష్మదర్శినికి గురిచేస్తే, దాదాపు అందరిలోనూ ఫలితం పాజిటివ్‌గా వచ్చింది. మూడు మందుల చికిత్సతో కడుపు శుభ్రపడిన వారిలో సైతం పాచి అలాగే పాజిటివ్‌గా మిగిలింది. పాచి ఈ బ్యాక్టీరియాకు శాశ్వత నెలవు కావచ్చన్న మాట అక్కడి నుంచే బలపడింది. 29 మందిలో ఒక్కరు, దాదాపు అందరూ అన్న రెండు ఫలితాల మధ్య ఉన్న దూరాన్ని రోగుల తేడాతో మాత్రమే వివరించలేం. పరీక్ష మారితే జవాబు మారిపోతోందన్నదే ఇందులో గమనించవలసిన సంగతి.

యూరియేజ్ పరీక్ష పైలోరీని నేరుగా చూడదు. అది చూసేది యూరియా విడిపోతోందా లేదా అన్నది మాత్రమే. ఎండోస్కోపీలో కడుపు పొర నుంచి తీసిన చిన్న ముక్కను యూరియా, రంగు కలిపిన జెల్‌లో పెడితే, అమోనియా పుట్టి రంగు మారుతుంది. కడుపులో అంత బలంగా యూరియాను విడగొట్టే జీవి సాధారణంగా పైలోరీ ఒక్కటే కాబట్టి అక్కడ ఈ పరీక్ష నమ్మదగినది. నోటి సంగతి అలా కాదు. అక్కడ ఏడు వందలకు పైగా జాతుల బ్యాక్టీరియా గుర్తింపు పొందాయి. వాటిలో స్ట్రెప్టోకాకస్ సాలివేరియస్, కొన్ని ఆక్టినోమైసిస్ జాతులు యూరియేజ్‌ను పుష్కలంగా తయారుచేస్తాయి. లాలాజలంలో యూరియా ఎప్పుడూ ఉంటుంది, తిన్నవి నోటిని పుల్లబరిచినప్పుడు ఆ ఆమ్లాన్ని విరవడానికి ఈ బ్యాక్టీరియాకు యూరియేజ్ అక్కరకొస్తుంది. కాబట్టి ఎవరి పాచిని ఆ జెల్‌లో పెట్టినా రంగు మారే అవకాశం చాలా ఎక్కువ. కడుపు శుభ్రపడినా పాచి మారకపోవడానికి కారణం పైలోరీ దాక్కుని ఉండటం కావచ్చు, అసలక్కడ పైలోరీ లేకపోవడమూ కావచ్చు. ఆ పరీక్ష ఈ రెండింటినీ వేరుచేసి చెప్పలేదు. సూక్ష్మదర్శిని కింద చూసినా, నోటిలో వంకరగా ఉండే ఇతర బ్యాక్టీరియా అనేకం ఉండటం వల్ల రూపాన్ని బట్టి నిర్ధారించడం ప్రమాదకరం.

ఈ చిక్కు ఊపిరి పరీక్షలోనూ ఉంది. ప్రత్యేకంగా గుర్తుపెట్టిన కార్బన్ ఉన్న యూరియాను తాగించి, కొంతసేపటి తరువాత ఊదిన గాలిలో ఆ కార్బన్ ఉందో లేదో చూస్తారు. తాగిన మొదటి కొద్ది నిమిషాల్లో వచ్చే గాలిలో నోటి బ్యాక్టీరియా విడగొట్టిన భాగం కలిసిపోతుంది. అందుకే యూరియాను క్యాప్సూల్ రూపంలో మింగించడం, నోరు పుక్కిలించమనడం, గాలిని కొంత ఆగి సేకరించడం వంటి జాగ్రత్తలు పాటిస్తారు. నోటిలోని యూరియేజ్ కడుపు పరీక్షనే చెదరగొట్టగలిగినప్పుడు, నోటి పాచిని నేరుగా యూరియేజ్‌తో పరీక్షించి వచ్చిన ఫలితాన్ని రుజువుగా తీసుకోవడం తొందరపాటే అవుతుంది.

ఆ తరువాత వచ్చిన పీసీఆర్ పద్ధతి ఈ సమస్యను తీరుస్తుందని ఆశించారు. ఒక బ్యాక్టీరియా జన్యువులోని ప్రత్యేకమైన తునకను లక్షల రెట్లు పెంచి చూపించే ఈ పద్ధతి చాలా సూక్ష్మమైన పరిమాణాన్నీ పట్టుకుంటుంది. అయితే ఎంచుకున్న తునక నిజంగా పైలోరీకి మాత్రమే చెందినదై ఉండాలి. నోటిలోని దగ్గరి బంధువులైన బ్యాక్టీరియాలో అలాంటి తునకలు ఉంటే ఫలితం తారుమారవుతుంది. వేర్వేరు బృందాలు వేర్వేరు తునకలను ఎంచుకోవడం వల్ల, ఒకే రకమైన రోగుల్లో ఒకరికి సున్నాకు దగ్గరగా, మరొకరికి సగానికి పైగా పాజిటివ్‌లు వచ్చాయి. అంతకన్నా ముఖ్యమైన పరిమితి ఏమిటంటే, పీసీఆర్‌కు బతికిన బ్యాక్టీరియాకూ చచ్చినదానికీ తేడా తెలియదు. పుల్లటి తేన్పుతో పైకి వచ్చి, నోటిలో చచ్చిపోయిన బ్యాక్టీరియా జన్యువు కూడా దానికి పాజిటివ్‌గానే కనిపిస్తుంది.

సజీవంగా పెంచడమే అన్నిటికన్నా గట్టి రుజువు. ఆ పరీక్షలో మాత్రం నోరు ఎప్పుడూ వెనకబడుతూ వచ్చింది. వందలాది నమూనాల నుంచి పెంచగలిగినవి చాలా కొద్ది. నోటి ఊహను సమర్థించేవారు దీనికి ఒక వివరణ ఇస్తారు. పైలోరీకి అనుకూలం కాని పరిస్థితి ఎదురైనప్పుడు అది వంకర రూపాన్ని వదిలి గుండ్రంగా ముడుచుకుంటుంది. ఆ రూపంలో అది బతికి ఉన్నా, ప్రయోగశాలలో పెరగదు. నోటిలో అది ఈ రూపంలోనే ఉండవచ్చునని వారి వాదన. ఇది అసాధ్యమేమీ కాదు. కానీ ఆ గుండ్రటి రూపం మళ్లీ మామూలు రూపానికి వచ్చి, ఒక మనిషి కడుపులో కాపురం పెట్టగలదని చూపించినప్పుడే ఆ వాదన నిలుస్తుంది. కనిపించకపోవడానికి కారణం చెప్పడం, ఉందని చూపించడంతో సమానం కాదు. మరోవైపు, నోరు మొత్తం పైలోరీకి ప్రతికూలమని చెప్పడమూ సరికాదు. చిగుళ్ల జబ్బు ముదిరినప్పుడు పంటికీ చిగురుకూ మధ్య ఏర్పడే లోతైన సందుల్లో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో ఆనవాళ్లు ఎక్కువగా దొరుకుతున్నాయని చెప్పిన అధ్యయనాలకు ఈ వివరణ పొసగుతుంది.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో వర్షాల మీద నిండే చెరువులనూ, వాటి నుంచి పొలాలకు పారే కాలువలనూ చూసినవారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. చెరువులో నీరు నిలుస్తుంది, కాలువలో నీరు కనిపించినా అది ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో పోతూ ఉంటుంది. నోరు పైలోరీకి చెరువు కావాలంటే, కడుపులో బ్యాక్టీరియా లేనివారి నోటిలోనూ అది నెలల తరబడి నిలవాలి, అక్కడ పెరగాలి, అక్కడి రకమే తరువాత కడుపులో కనిపించాలి. ఈ మూడింటినీ ఒకే రోగిలో వరుసగా చూపించిన ఆధారాలు బలంగా లేవు. కాలువ అని చెప్పడానికి మాత్రం గట్టి ఆధారం ఉంది.

1999లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం ఈ విషయంలో తక్కిన అన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. పైలోరీ ఉన్నా ఆరోగ్యంగా ఉన్న 16 మందికి వాంతి కలిగించే మందు ఇచ్చి, వాంతికి ముందూ తరువాతా లాలాజలాన్ని, వాంతిని, చుట్టుపక్కల గాలిని సేకరించి బ్యాక్టీరియాను పెంచి చూశారు. వాంతికి ముందు 16 మందిలో ముగ్గురి లాలాజలంలో మాత్రమే కొద్దిపాటి సజీవ పైలోరీ దొరికింది. వాంతి తరువాత ఆ సంఖ్య తొమ్మిదికి పెరిగింది. వాంతి నమూనాలన్నింటిలోనూ అది ఉంది, చాలావాటిలో పెద్ద మొత్తంలో ఉంది. ఆరుగురి దగ్గర, వాంతి చేసుకుంటున్నప్పటి గాలిలో సైతం పెరిగింది. నోటిలో దొరికేది ఎక్కువగా కడుపు నుంచి పైకి వచ్చిందేనని దీన్నిబట్టి అనుకోవచ్చు. అయితే వాంతి లేనప్పుడూ ముగ్గురి నోట్లో సజీవంగా ఉందన్న సంగతిని తీసిపారేయకూడదు. ఆ తరువాత, 2006లో ఉత్తర కాలిఫోర్నియా కుటుంబాల మీద వెలువడిన అధ్యయనం, పైలోరీ ఉన్న ఇంటి మనిషికి వాంతులు విరేచనాలు వచ్చినప్పుడు ఆ ఇంట్లో మిగతావారికి అది కొత్తగా సోకే ముప్పు దాదాపు అయిదు రెట్లు పెరుగుతుందని, అందులోనూ వాంతులే ఎక్కువ కారణమని చూపింది.

నోరే పెద్ద నెలవైతే, రోజంతా రోగుల లాలాజలం తుంపరల మధ్య పనిచేసే దంతవైద్యుల్లో పైలోరీ మిగతావారికన్నా ఎక్కువగా ఉండాలి. 1992లో అమెరికాలో దంతవైద్య సిబ్బంది రక్తపరీక్షలతో జరిగిన అధ్యయనంలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. ఎండోస్కోపీ చేసే వైద్యుల్లో మాత్రం ఎక్కువగా ఉందని పలు అధ్యయనాలు చెప్పాయి. కడుపు ద్రవం ప్రమాదకరం, లాలాజలం అంతగా కాదు అన్న సూచన ఇక్కడా కనిపిస్తుంది.

ఇంతవరకు చూసినదాన్నిబట్టి విషయాన్ని ముగించవచ్చు గానీ, ఒక దారిలో వచ్చిన ఆధారం దాన్ని ముగియనివ్వడం లేదు. కడుపుకు మందులు ఇచ్చినవారిలో కొందరికి పండ్లగార తీయించి, చిగుళ్లను శుభ్రం చేయించి, తక్కినవారికి మందులు మాత్రమే ఇచ్చి పోల్చిన ప్రయోగాలు ఉన్నాయి. 2016లో, వైద్య ప్రయోగాలను కలిపి సమీక్షించే కొక్రేన్ సంస్థ అలాంటి ఏడు చిన్న ప్రయోగాలను, మొత్తం 691 మందిని కలిపి పరిశీలించింది. చిగుళ్ల చికిత్స కూడా పొందినవారిలో పైలోరీ పూర్తిగా పోవడం, తిరిగి రాకుండా ఉండటం రెండూ ఎక్కువగా కనిపించాయి. దీనికి ఒక హేతువూ ఉంది. పాచి అనేది జిగురులో పొదిగిన బ్యాక్టీరియా పొరల కుదురు. అలాంటి పొరలో ఉన్న బ్యాక్టీరియాను చంపడానికి విడిగా ఉన్నదానికన్నా వందల రెట్లు ఎక్కువ మందు కావలసి రావచ్చు. పైగా చికిత్సలో వాడే యాంటీబయాటిక్స్‌లో అమాక్సిసిలిన్ లాలాజలంలోకి చాలా తక్కువగా వస్తుంది. మెట్రోనిడజోల్ బాగానే వస్తుంది గానీ, దానికి లొంగని పైలోరీ రకాలు మన దేశంలో విస్తారంగా ఉన్నాయి. విరేచనాలు పట్టుకున్న ప్రతిసారీ దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడిన ఫలితం ఇది.

అయినా ఆ ప్రయోగాలను జాగ్రత్తగా చదవాలి. పండ్లగార తీయించుకున్న సంగతి రోగికి తెలియకుండా దాచడం అసాధ్యం. పండ్ల వైద్యుని దగ్గరికి రెండు మూడుసార్లు వెళ్లివచ్చినవారు మందుల కోర్సును కూడా శ్రద్ధగా పూర్తిచేసి ఉండవచ్చు. ఇంకొక అవకాశం ఏమిటంటే, నయమైందో లేదో చూడటానికి ఊపిరి పరీక్ష వాడిన చోట, పాచి తగ్గడం వల్ల నోటి యూరియేజ్ తగ్గి, కడుపులో ఏ మార్పూ లేకపోయినా ఫలితం కొంత మెరుగ్గా కనిపించవచ్చు. ఈ కారణాల వల్ల ఆ ఫలితాన్ని నోరు నెలవు అనడానికి రుజువుగా కాక, ఇంకా వెతకవలసిన అవసరం ఉందనడానికి ఆధారంగా తీసుకోవడమే న్యాయం.

తిరిగి వచ్చిన పైలోరీ అంతా ఒకే తీరుగా వచ్చినది కాదు. చికిత్స తరువాత కొద్దిపాటి బ్యాక్టీరియా కడుపులోనే మిగిలి, పరీక్షకు అందనంతగా తగ్గి, తరువాత పెరగడం ఒకటి. బయటి నుంచి కొత్తగా సోకడం రెండవది. మొదటి ఏడాదిలో తిరిగి వచ్చేది ఎక్కువగా మొదటి రకమే. అందుకే మందులు ముగిసిన వెంటనే చేసిన పరీక్ష తృప్తినిస్తుందే గానీ నిజం చెప్పదు. యాంటీబయాటిక్స్ ఆపిన తరువాత కనీసం నాలుగు వారాలు, గ్యాస్ గోళీలు ఆపిన తరువాత కనీసం రెండు వారాలు గడిచాకే పరీక్ష చేయాలి. ఈ నియమం పట్టణ ఆసుపత్రుల్లో పాటించినా, పల్లెల్లో ఆర్‌ఎంపీ దగ్గర అయిదు రోజుల మందు తీసుకుని, మంట తగ్గగానే మానేసిన రోగి విషయంలో పరీక్ష అన్న మాటే రాదు. నోటిని నిందించే ముందు, సగంలో వదిలిన కోర్సును, లొంగని రకాలను, అదే ఇంట్లో పరీక్ష చేయని మిగతా నలుగురిని చూడవలసి ఉంటుంది.

దక్షిణ తెలంగాణ పరిస్థితులు ఈ ప్రశ్నను మరింత చిక్కుగా మారుస్తాయి. హైదరాబాద్‌లోని డెక్కన్ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న కాలేయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు నోటిలోనూ కడుపులోనూ పైలోరీ ఉనికిని పోలుస్తూ 2006లో, ఇంటి శుభ్రత, తాగునీటి ఆధారం దాని వ్యాప్తి మీద చూపే ప్రభావం గురించి 2007లో అధ్యయనాలు ప్రచురించారు. ఈ ప్రాంత జనంలో నోరు, నీరు రెండింటినీ కలిపి చూడాలన్న ఆలోచనకు అవి ఊతమిస్తాయి. నీటి సంగతి నల్లగొండకు కొత్తది కాదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల బోర్ల నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని ఎన్నో రెట్లు మించిన ఫ్లోరైడ్ తరాల తరబడి పండ్లనూ ఎముకలనూ దెబ్బతీసింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి ప్రపంచమంతా నల్లగొండ పేరుతోనే చలామణీ అవుతోంది. ఫ్లోరైడ్ ఎక్కువైనవారిలో కడుపునొప్పి, వికారం, అజీర్తి సాధారణం, ఎందుకంటే అది కడుపు ఆమ్లంతో కలిసి పొరను కాలుస్తుంది. తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో పంటి పింగాణీ గుంటలు పడి గరుకుబారుతుంది. కాబట్టి ఇక్కడ ఒక మనిషికి కడుపులో మంట, మరకలు పడిన గరుకు పండ్లు రెండూ ఉన్నంతమాత్రాన, ఒకటి రెండవదాని నుంచి పుట్టిందని అనుకోకూడదు. రెండింటికీ మూలం ఒకే బోరు నీరు కావచ్చు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీరు ఇళ్లకు చేరిన ఊళ్లలో ఈ రెండు సమస్యలనూ విడదీసి చూసే అవకాశం ఇప్పుడు కొంత ఏర్పడింది.

పాలమూరు వలస కుటుంబాల సంగతి వేరే చెప్పాలి. పని దొరికే చోట రేకుల షెడ్డులో ఏడెనిమిది మంది ఒకే గదిలో పడుకుని, ఒకే బిందె నీరు తాగి, పిల్లలకు వాంతులైతే ఎత్తిపోయడానికి సరైన చోటు లేని బతుకులో, ఈ బ్యాక్టీరియాకు నోటిలో నెల రోజులు దాక్కోవలసిన అవసరమే ఉండదు. చిన్నతనంలో ఇరుకు ఇల్లు, ఒకే మంచం మీద పడక పైలోరీ సోకడానికి బలమైన కారణాలని వివిధ దేశాల్లో తేలింది. చెంబును పెదవికి తగలకుండా ఎత్తి తాగడం, ఒకరి ఎంగిలి మరొకరు తినకపోవడం వంటి మన అలవాట్లు లాలాజలం ద్వారా వ్యాపించేదాన్ని కొంత అడ్డుకుంటాయని అనుకోవచ్చు. కానీ పసిపిల్లల దగ్గర ఆ నియమం ఏ ఇంట్లోనూ నిలవదు. అవ్వ నమిలి పెట్టిన ముద్ద, అమ్మ కొరికి ఇచ్చిన జామకాయ ముక్క పిల్లల నోటికి చేరుతూనే ఉంటాయి. సోకే వయసూ అదే. ఇక్కడ పెద్దవారి నోరు కనీసం దారిగానైనా పనిచేసే అవకాశం ఉంది.

పైలోరీ విషయంలో నోరు నెలవన్నది ఇంకా తేలని మాటే అయినా, కడుపులో చేరే వేరే బ్యాక్టీరియాకు నోరు నిస్సందేహంగా నెలవు. ఈ విషయం గురించి మన దగ్గర చాలా తక్కువ మాట్లాడుకుంటున్నాము. మనిషి రోజుకు సుమారు లీటరు లాలాజలం మింగుతాడు. ఒక్కో మిల్లీలీటరులో కోట్ల సంఖ్యలో బ్యాక్టీరియా ఉంటుంది. మామూలు కడుపులో ఆమ్లం వీటిలో ఎక్కువ భాగాన్ని చంపేస్తుంది. పైలోరీ వల్ల ఏళ్ల తరబడి కడుపు పొర క్షీణించి ఆమ్లం తగ్గినప్పుడు, లేదా ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి గ్యాస్ గోళీలతో ఆమ్లాన్ని అణచివేసినప్పుడు ఆ కాపలా బలహీనపడుతుంది. ఈ గోళీలు వాడేవారి పేగుల్లో నోటి బ్యాక్టీరియా ఎక్కువగా కనిపిస్తుందని 2016లో నెదర్లాండ్స్, బ్రిటన్ పరిశోధకులు వేర్వేరుగా చూపించారు. 2024లో హాంకాంగ్ శాస్త్రవేత్తలు, నోటిలో సాధారణంగా ఉండే స్ట్రెప్టోకాకస్ ఆంజినోసస్ అనే బ్యాక్టీరియా ఎలుకల కడుపులో స్థిరపడి, వాపును, ఆపై క్యాన్సర్ దిశగా మార్పులను కలిగించగలదని ప్రచురించారు. ఎలుకల్లో చూసింది మనుషులకు అలాగే వర్తిస్తుందని చెప్పలేం. అయినా వైద్యుని సలహా లేకుండా ఏళ్ల తరబడి రోజూ గ్యాస్ గోళీ వేసుకుంటూ, చిగుళ్ల నుంచి నెత్తురు కారుతున్నా పట్టించుకోని మనిషి విషయంలో నోటికీ కడుపుకూ మధ్య దారి తెరిచే ఉంటుందన్న సంగతిని తేలికగా తీసుకోలేము. చిగుళ్ల జబ్బుకు వైద్యం చేయించుకోవడానికి పైలోరీ సాకు అవసరం లేదు. పండ్లు కదలకుండా ఉండటానికీ, షుగర్ అదుపులో ఉండటానికీ అది ఎలాగూ కావాలి.

పైలోరీ ప్రశ్నను తేల్చడానికి ఈ ప్రాంతంలో కావలసిన వసతులు కొంతవరకు ఉన్నాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. నార్కట్‌పల్లిలోనూ మహబూబ్‌నగర్‌లోనూ దంతవైద్య కళాశాలలు నడుస్తున్నాయి. ఎండోస్కోపీకి వచ్చిన రోగి అంగీకారంతో, కడుపు పొర ముక్కతో పాటు పాచిని, చిగుళ్ల సందుల్లోని ద్రవాన్ని, నాలుక గీకుడును అదే రోజు సేకరించి, యూరియేజ్ మీద ఆధారపడకుండా సజీవంగా పెంచడం, రెండు వేర్వేరు జన్యు తునకలతో పీసీఆర్ చేయడం ఇక్కడ అసాధ్యం కాదు. చికిత్స తరువాత సగం మందికి పండ్లగార తీయించి, అందరినీ ఏడాది పాటు అనుసరించి, పైలోరీ తిరిగి వచ్చినవారిలో కొత్త రకాన్ని పాత కడుపు రకంతోనూ, నోటి రకంతోనూ, ఇంట్లోవారి రకంతోనూ పోల్చాలి. తాగునీటిలోని ఫ్లోరైడ్ మోతాదును కూడా ప్రతి రోగి వివరాల్లో నమోదు చేయాలి. అలా పోల్చినప్పుడు తిరిగి వచ్చిన రకం రోగి పాచిలో సజీవంగా దొరికినదే అయితే, పైలోరీ మందుల చీటీ మీదనే చిగుళ్ల శుభ్రతను కూడా రాయవలసి ఉంటుంది. అది భార్యదో, పిల్లలదో, అవ్వదో అయిన రకమని తేలితే, రెండవసారి మందులు మొదలుపెట్టే ముందు ఆ ఇంట్లో అందరికీ పరీక్ష చేయవలసి ఉంటుంది.